యజమాని లేని ఫోల్డరు

జూన్ 3, సోమవారం

పెద్దసారు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. లైబ్రేరియన్ ఆయన, డిప్యూటీని నేను. అంటే పేరు ఆయనది, పని నాది. యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్ళ డేటా ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో, అది పోకుండా దాచే ఏర్పాటేమిటో ఇకమీదట లైబ్రరీయే చూడాలట. దానికో ప్రణాళిక రాసి ఆగస్టు నెలాఖరుకల్లా ఇవ్వాలట. వీసీ గారి మీటింగులో "పుస్తకాలు చూసుకుంటున్నాం, ఇదీ చూసుకుంటాం" అని మాటిచ్చి వచ్చారు. ఎవరు చూసుకుంటారని అడిగితే "మనమే" అన్నారు. ఆయన మనం అన్నప్పుడల్లా అందులో ఆయన ఉండరు.

నేను రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. మెడ మాత్రం అప్పుడే రిటైరైపోయింది.

జూన్ 11, మంగళవారం

వారం రోజులుగా ఫారాలు పట్టుకుని డిపార్టుమెంట్ల చుట్టూ తిరుగుతున్నాను. మీ డేటా ఎక్కడ దాస్తారని అడిగితే, మీ ఇంట్లో మంచం కింద ఎంత దుమ్ముందని అడిగినట్టు చూస్తున్నారు. ఒకాయన కళ్ళజోడు పెట్టె తెరిచి చూపించారు. నిండా పెన్‌డ్రైవులు, దేని మీదా పేరు లేదు. ఏది ఏదో ఎలా తెలుస్తుందంటే రంగును బట్టి అన్నారు. నల్లవే పదకొండున్నాయి. ఇంకొకాయన డేటా అంతా ఆయన విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ అబ్బాయి ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు, ఫోనెత్తడు. ఒకావిడ ఎనిమిదేళ్ళుగా తన డేటా తనకే మెయిల్ చేసుకుంటోంది. విషయం అని ఉన్న చోట ప్రతిసారీ "ఇది" అని రాస్తుందట.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వగలరు. లెక్కల మాస్టారుగా రిటైరై, ఉదయం నడక, సాయంత్రం చదరంగం. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

జూన్ 20, గురువారం

ఈ రోజు విత్తనాల ల్యాబు. బిల్డింగు అడుగున, మెట్లు దిగి వెళ్ళాలి. చల్లగా ఉంది, ఫ్రిజ్‌ల రొద. అక్కడ ఒక్క ల్యాబ్ అసిస్టెంటే ఉంది, ఈ డిసెంబరులో రిటైరవుతుంది. అందరూ విత్తనాలమ్మ అంటారు, నేనూ అలాగే అన్నాను. పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక ప్రొఫెసరు జాడీల్లో గింజలు నింపి, ఒక్కో జాడీని ఒక్కో చల్లదనంలో పెట్టి, గింజలో ప్రాణం ఎన్నాళ్ళుంటుందో చూద్దామని మొదలుపెట్టారట. తొమ్మిదేళ్ళ క్రితం ఆయన రిటైరై వెళ్ళిపోయారు. ఆపమని ఈవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఆపలేదు. నెలకి రెండుసార్లు ప్రతి జాడీలోంచి వంద గింజలు తీసి, తడి కాగితం మీద పేర్చి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టి రాస్తుంది. జాడీలు అడుగంటాయి.

మొదట్లో ఎన్ని మొలిచేవని అడిగాను. "తొంభై ఆరు, తొంభై ఏడు. ఇప్పుడు పదకొండు" అంది, తన పిల్లల మార్కులు చెప్పినట్టు. రిజిస్టర్లేవి అంటే, నాలుగేళ్ళ క్రితం గది మార్చినప్పుడు, కంప్యూటర్లో ఎక్కించాక ఇవెందుకని తీసుకెళ్ళి పారేశారట. ఇప్పుడు ఉన్నదంతా సర్వర్లో, ఆ ప్రొఫెసరు పేరుతో ఉన్న ఫోల్డర్లోనే.

అప్పటికప్పుడు ఫారం నింపి నా చేతికిచ్చింది. డేటా యజమాని అన్న చోట తన పేరే రాసుకుంది. ప్రొఫెసరు పేరు కదా రాయాల్సింది అనిపించింది కానీ ఊరుకున్నాను. అన్ని డిపార్టుమెంట్లలో అడిగినదానికి సూటిగా జవాబు చెప్పింది ఈవిడొక్కతే.

జూన్ 21, శుక్రవారం

విత్తనాలమ్మ వివరాలు కంప్యూటర్లో ఎక్కడం లేదు. మేం తయారుచేసుకున్న జాబితాలో టీచర్లూ, రీసెర్చి విద్యార్థులే ఉన్నారు. ల్యాబు సిబ్బంది నంబర్లు అది తీసుకోదు. తీసుకునేలా చేయాలంటే కంప్యూటర్ సెంటర్‌కి ఉత్తరం రాయాలి, దానికి పెద్దసారు సంతకం కావాలి. ఈ రోజు నావల్ల కాదు. ఫారం పసుపు ఫైలులో పెట్టాను. తర్వాత చూద్దాం.

జూన్ 28, శుక్రవారం

ముసాయిదా పూర్తయింది, ముప్పై ఒక్క పేజీలు. చివర్న మూడో అనుబంధం ఎక్కడో వేరే యూనివర్సిటీవాళ్ళ నిబంధనల్లోంచి తెచ్చి అతికించాను: "జులై 5లోగా యజమాని నమోదు కాని ఫోల్డర్లను తొలగించవలెను." తేదీ మాత్రం నాది. అది ఒట్టి నమూనా, చర్చ కోసం. ఇప్పటిదాకా నమోదైన యజమానుల జాబితా కూడా జతచేసి, అభిప్రాయం చెప్పమని సర్వరుసారుకి పంపాను. కంప్యూటర్ సెంటర్ ఆయనదే. మనిషి మంచివాడే, కానీ ఏ కాగితమైనా మొదటి పేజీ, చివరి పేజీ చదువుతాడు.

జులై 2, మంగళవారం

మెడ. రాయడం కుదరదు.

జులై 15, సోమవారం

క్యాంటీన్లో సర్వరుసారు కనిపించి, నా టీ కూడా తనే తెచ్చిచ్చాడు. "మీ పుణ్యమా అని నలభై శాతం జాగా ఖాళీ అయింది మేడమ్, ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాను" అన్నాడు. నా పుణ్యమేమిటో అర్థం కాలేదు. ఏవో పనికిరాని పాత ఫైళ్ళు తీసేసి ఉంటాడు. అడగొచ్చు. అడిగితే ఆయన ముప్పావుగంట చెబుతాడు. టీ తాగి వచ్చేశాను.

జులై 16, మంగళవారం

పాత ఫైళ్ళే అయి ఉంటాయి.

ఆగస్టు 12, సోమవారం

విత్తనాల డిపార్టుమెంటు హెడ్డు పెద్దసారు గదిలోకి దూసుకొచ్చాడు. బయటి విత్తన నిల్వ సంస్థ ఒకటి ఆ పంతొమ్మిదేళ్ళ లెక్కలు కావాలని ఉత్తరం రాసిందట. అంత వరుసగా, అంత కాలం ఎంచిన లెక్క ఇంకెక్కడా లేదట. హెడ్డుకి అలాంటిదొకటి తన డిపార్టుమెంటులో ఉందని ఆ ఉత్తరం చూశాకే తెలిసింది. తెరిచి చూస్తే ఫోల్డరు లేదు.

పంతొమ్మిదేళ్ళు ఎవరూ అడగలేదు. పోయాక అడిగారు.

ఆగస్టు 13, మంగళవారం

సర్వరుసారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తాపీగా నా ముసాయిదా చివరి పేజీ తీసి చూపించాడు. "మీరే రాశారుగా మేడమ్, తొలగించవలెను అని." పైన ముసాయిదా అని ఉంది కదా అంటే, అది మొదటి పేజీలో కదా ఉంది అన్నాడు. జులై ఎనిమిదిన తీసేశాడు. బ్యాకప్ నెల రోజులే ఉంటుంది, దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఆగస్టు ఏడుతో అదీ పోయింది.

క్యాంటీన్లో టీ తాగిన రోజు అడిగి ఉంటే దొరికేది. ఆ ముక్క ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ముప్పావుగంట వినే ఓపిక లేక పంతొమ్మిదేళ్ళు పోగొట్టాను.

ఆగస్టు 16, శుక్రవారం

విచారణ సంఘం వేశారు. హెడ్డు, సర్వరుసారు, పెద్దసారు. కాగితాలు రాసేది నేను. ముసాయిదాని నిబంధన అనుకుని తుడిచేశామని బయట చెబితే యూనివర్సిటీ పరువేం కావాలని పెద్దసారు మొదట్లోనే తేల్చేశారు. కాబట్టి నిబంధన ఉన్నట్టే, గడువు ఉన్నట్టే. గడువులోగా నమోదు చేయించనివాళ్ళదే తప్పు. విత్తనాలమ్మకి మెమో ఇచ్చి పిలిపించారు. అశ్రద్ధ అని తేలితే అది ఆవిడ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి చివరి మాట అదే అవుతుంది.

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎందుకు నమోదు చేయించలేదని హెడ్డు గద్దించాడు.

"ఫారం ఇచ్చానండి. లైబ్రరీకి" అంది.

హెడ్డు నా వైపు తిరిగాడు. వచ్చిందా అన్నాడు.

"చూడాలండీ" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం కాదు కదా.

ఆగస్టు 17, శనివారం

సెలవైనా వెళ్ళి ఫారాలన్నీ వెతికాను. దొరకలేదు.

ఆగస్టు 19, సోమవారం

పసుపు ఫైలులో వెతకలేదు. అందులో ఎందుకుంటుంది? అది తర్వాత చూడాల్సిన కాగితాలకి.

ఆగస్టు 21, బుధవారం

పసుపు ఫైలులోనే ఉంది. వెతికి తెలుసుకోవాల్సిన పనేముంది, ఆ రోజు "చూడాలండీ" అన్నప్పుడే తెలుసు. నాకు నేను రాసుకునే చోట కూడా నీళ్ళు నములుతున్నాను. సిగ్గుగా ఉంది.

ఫైలు ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలీదు. చింపడానికి కాదు.

ఆగస్టు 29, గురువారం

ఇప్పుడు బయటపెడితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. మొదటి రోజే చెప్పి ఉంటే పొరపాటయ్యేది. రెండు వారాలకి అది పొరపాటన్న పేరు పోగొట్టుకుంది. అయినా ఫారం చూపించినంత మాత్రాన ఆ లెక్కలు తిరిగొస్తాయా? రావు. ఆవిడకి పోయింది ఎలాగూ పోయింది. మధ్యలో నాది కూడా పోవడం దేనికి.

చదువుకుంటే న్యాయంగానే ఉంది. అందుకే మళ్ళీ చదవను.

సెప్టెంబరు 6, శుక్రవారం

ప్రణాళిక ఆమోదం పొందింది. వీసీ గారు విత్తనాల సంగతి ఎత్తి, ఇలాంటివి జరక్కుండా ఉండాలంటే ఈ సేవ తక్షణం కావాలన్నారు. లేకపోతే ఇంకో రెండేళ్ళు బల్ల మీద పడుండేదట. పెద్దసారు వెళ్ళిపోయాక ఈ కుర్చీ మేడమ్‌దే అని కూడా అన్నారు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా సర్వరుసారు కొట్టాడు.

నేను లేచి నమస్కారం పెట్టాను.

సెప్టెంబరు 11, బుధవారం

విత్తనాలమ్మ లైబ్రరీకి వచ్చింది. చూసి కౌంటరు వెనక గదిలోకి తప్పుకోబోయాను, కానీ అప్పటికే చూసేసింది. పుస్తకం గడువు పెంచుకోవడానికట. కౌంటర్లో పిల్ల భోజనానికి వెళ్ళింది, నేనే ముద్ర వేయాల్సి వచ్చింది. మెమో సంగతి అడుగుతుందనుకున్నాను.

"మెడ ఎలా ఉంది మేడమ్?" అంది.

తగ్గిందన్నాను. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టిపోసినా ఇంత కోపం వచ్చేది కాదు. ఆవిడ మీదే వచ్చింది, ఏమిటో.

సెప్టెంబరు 18, బుధవారం

మా ఆయన చదరంగం బల్ల సర్దుతుంటే, మా కొలీగ్ ఒకావిడకి ఒక ఇబ్బంది వచ్చిందండీ అని మొదలుపెట్టాను. కాగితం ఒకటి ఆవిడ దగ్గర ఉండిపోయింది, ఇస్తే తన పేరు పాడవుతుంది, ఇవ్వకపోతే ఇంకొకరి పేరు పాడవుతుంది అన్నాను. ఆయన పావులు పెట్టెలో వేస్తూనే విన్నారు.

"ఆ కొలీగ్‌కి మెడ నొప్పి కూడా ఉందా?" అన్నారు.

ఇద్దరం నవ్వాం. నేను ముందు ఆపేశాను. ఆయన పావుల పెట్టె మూత పెట్టారు. ఏం చేయాలో చెబుతారేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో అడగని సలహాలు చాలా ఇచ్చారు, కావలసినప్పుడు మాత్రం నోరు విప్పలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

శుక్రవారం విచారణ సంఘం ఆఖరి సమావేశం. తీర్పు ఎప్పుడో అయిపోయింది, రాతే మిగిలింది. రాసేది నేనే. పెద్దసారు చిత్తు ప్రతి ఇచ్చారు: "సదరు ఉద్యోగిని నిర్ణీత గడువులోగా వివరాలు సమర్పించలేదు. లైబ్రరీకి ఏ విధమైన ఫారం అందలేదు." కింద ధ్రువీకరించువారు అని, నా పేరు.

సెప్టెంబరు 25, బుధవారం

టైపు చేశాను. "అందలేదు" దగ్గర నాలుగుసార్లు తుడిచి కొట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ లైబ్రరీలో పుస్తకాల పద్దు రాస్తున్నాను. బూజు పట్టినవీ, అట్టలు ఊడినవీ, ఎవరూ తెరవనివీ ఎన్నో. ఉన్నదాన్ని లేదని ఒక్కసారీ రాయలేదు. నాకంటూ గొప్ప చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే. అదేమంత గొప్ప అని మా ఆయన వెక్కిరిస్తారు కూడా.

సంతకం పెట్టలేదు. మంచితనం వల్ల కాదు. చేయి రాలేదు, అంతే.

సెప్టెంబరు 26, గురువారం

పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళి, ఆవిడ ఫారమూ, దానితో పాటు నా ఉత్తరమూ బల్ల మీద పెట్టాను. జూన్ ఇరవైన ఫారం నాకు అందింది, జాబితాలో ఎక్కక పక్కన పెట్టాను, అడిగినప్పుడు చెప్పలేదు. మూడే వాక్యాలు. క్యాంటీన్ సంగతి కూడా రాయాలనుకుని మానేశాను, మళ్ళీ బయటికొచ్చి కారిడార్లో నిలబడి చేత్తో కింద రాసిచ్చాను.

పెద్దసారు రెండుసార్లు చదివారు. "ఇప్పుడిది అవసరమా అమ్మా?" అన్నారు. రేపటితో అయిపోయేది, ఆవిడ మూడు నెలల్లో వెళ్ళిపోయే మనిషి, ఒక మాట పడితే ఏం పోయింది అన్నారు. ఆయన కోపంగా లేరు, నిజంగానే అర్థం కాలేదు. తర్వాత, ఆవిడ మెమో వెనక్కి తీసుకోవాల్సి వస్తుందనీ, నాకొకటి వస్తుందనీ, డేటా సేవ ఇక వేరేవాళ్ళకి అప్పగించక తప్పదనీ నెమ్మదిగా చెప్పారు. కుర్చీ మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేదు. అప్పగించండి అన్నాను. నాలుగు నెలల తిరుగుడు, ముప్పై ఒక్క పేజీలు, ఆ మాటతో చేతులు దాటిపోయాయి. బాధ కలిగింది. కలగలేదని రాస్తే అదొక అబద్ధం.

అక్కణ్ణుంచి తిన్నగా మెట్లు దిగి విత్తనాల ల్యాబుకి వెళ్ళాను. ఆవిడ తడి కాగితం మీద గింజలు పేరుస్తోంది. డేటా పోయినా, ఉత్తరం రాసిన సంస్థ ఊరుకున్నా, ఎంచడం మాత్రం ఆపలేదు. ఆ ఫారం మొదటి నుంచీ నా దగ్గరే ఉందనీ, ఈ పొద్దున ఇచ్చేశాననీ, మెమో తీసేస్తారనీ గడగడా చెప్పేశాను. క్షమించమని అడుగుదామనుకున్నాను కానీ ఆ మాట ఒక్కటీ అనలేదు.

ఆవిడ చేతులు తుడుచుకుంది. బీరువా తెరిచి ఒక కవరు తీసి, అందులో కాగితం నా ముందు పెట్టింది. అదే ఫారం, రెండో ప్రతి. కింద "అందినది" అని రాసి నా సంతకం, తేదీ. ఫారం ఇచ్చిన రోజే నా చేత పెట్టించుకుందట. నాకు లేశమంతైనా గుర్తు లేదు. రోజుకి యాభై సంతకాలు పెడతాను.

నెల పైన పది రోజులు ఆవిడ పరువు నా ఫైలులో ఉందనుకున్నాను. నా పరువు ఆవిడ బీరువాలో ఉంది.

విచారణ రోజునే ఎందుకు చూపించలేదని అడిగాను.

"చూపిద్దామనే తెచ్చాను మేడమ్. కవరు ఒళ్ళోనే ఉంది. మీరు చూడాలండీ అన్నారు. సరే, చూస్తారు కదా అనుకున్నాను." మళ్ళీ పట్టకారు తీసుకుని ఇంకో గింజ పెట్టింది. "ఈ రోజుకి నలభై ఒక్క రోజులు."

క్యాలెండరు వైపు చూడకుండానే చెప్పింది.

"గింజలకి నేనిచ్చేది పద్నాలుగు రోజులే. ఆలోగా మొలక కనిపించకపోతే చచ్చిందని రాసి పారేస్తాను. ఇన్నేళ్ళలో ఏ గింజకీ పదిహేనో రోజు ఇవ్వలేదు. మీకెందుకిచ్చానో నాకే తెలీదు."

వెళ్ళిపోదామని లేచాను. లేచినదాన్ని వెళ్ళిపోకుండా అడిగాను, రేపటికి కూడా నేను రాకపోయి ఉంటే ఏం చేసేవారని.

"రాసేసేదాన్ని మేడమ్" అంది.

గొంతులో కోపమన్నది లేదు. గింజల గురించి చెప్పినట్టే చెప్పింది.